మరియా కేసెట్లు

“మావోడు రేపు కాకినాడ ఎళ్తన్నాడు. మాట పంపడానికి కేసెట్టుందా దుర్గమ్మా?” కారు తుడుస్తూ అడిగాడు డ్రైవర్ లోవరాజు.

లేదు. కొనుక్కుందామంటే బుదైయా అనే ఆ గల్ఫు ఊళ్ళో విల్లా గేటు దాటి వీరదుర్గకి ఏడాదైంది. పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంది. ఫోనుకి తాళం.

“నాలుగేళ్ల పిల్లన్నా మా సాయి! నా గొంతు కూడా మర్చిపోద్ది!” వంటింటి గడపలోనే బావురుమంది.

లోపల మరియా టేపురికార్డరు ఆపింది.

మేడమ్ వాళ్ళు గ్వాటెమాల నుంచి వెంట తెచ్చుకున్న ముసలి ఆయా. ఆమె పాస్‌పోర్టూ ఆ బీరువాలోనే. ఆమె భాష ఆ ఇంట్లో ఒక్కరికీ రాదు. పనవగానే టేపు ముందు కూర్చుని, నవ్వుతూ, చేతులు తిప్పుతూ ఏవేవో చెప్పుకుంటుంది.

“గోడకి చెప్తన్నావా సోది?” అని దుర్గ ఎన్నిసార్లు వెక్కిరించిందో!

మరియా రేకు డబ్బాలోంచి ఒక కేసెట్ తీసి దుర్గ చేతిలో పెట్టింది.

“బింత్,” అంది. కూతురికి అని. ఇద్దరికీ వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో అదొకటి.

పిచ్చి వాగుడేగా, పోతే పోయిందిలే అనుకుంది దుర్గ. దాని మీదే రెండు వైపులా తన మాటలు నింపి పంపింది. ఆ తర్వాత మూడుసార్లు అడక్కుండానే ఇచ్చింది మరియా. డబ్బా ఖాళీ అయింది.

అమ్మ జాబు రాయించింది. ‘ఆఖరి కేసెట్ చివర్న ఎవరో ముసలమ్మ పాట మిగిలిందే. మన సాయి దాన్ని పొల్లుపోకుండా పాడేస్తంది!’

దుర్గ పడీపడీ నవ్వింది. మరియాకి చెబుదామంటే మాట లేదు.

ఆ వేసవిలో మరియా పోయింది. పాస్‌పోర్టు అప్పుడు బయటికొచ్చింది, శవపెట్టెతో పాటు.

వారం తిరక్కుండా గేటు దగ్గరికి ఎవరో పెద్దమనిషి వచ్చాడు. ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడి లోవరాజు లోపలికొచ్చాడు.

“వాళ్ళ దేశం కాలేజీ పంతులంట. ఆవిడ కేసెట్లు కావాలంట.”

“ఆ సోదా? ఎందుకంట?”

“మాయా జాతోళ్ళ భాషల్లో ఒకటంట అది. ఆళ్ల కతలు, పాటలు అన్నీ వచ్చినోళ్ళు ఇంకెవరూ మిగల్లేదంట, ఈవిడొక్కత్తేనంట. నాలుగు కేసెట్లు నింపాను, వచ్చి పట్టుకెళ్లమని కిందటేడే ఎవరిచేతో రాయించిందంట.”

దుర్గ రేకు డబ్బా తెచ్చి మూత తీసి చూపించింది. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

“ఏం చెప్పమంటావమ్మా?”

గేటుకి ఇవతలే నిలబడి కళ్ళు తుడుచుకుంది దుర్గ.

“ఒక్క పాట మిగిలిందని చెప్పన్నా. కాకినాడలో మా సాయి పాడతాది.”