జై అడిగిన తలుపు

దగ్గరికి జరిగి కూర్చోండర్రా, చెబుతాను. అమెరికాలో సినిమా తారలే పార్టీలు పెట్టి, అక్కడి మన తెలుగు జనం రెండుగా చీలిపోయాక, ప్రతి ఇంటి తలుపూ తన తార గొంతుతో మాట్లాడేది. ఆ తారకు జై కొడితే కొత్తవాళ్లకైనా తెరుచుకునేది. అవతలి తారకు ఒక్కసారి జై కొట్టినవాళ్లకు మాత్రం తమ సొంత ఇంటి తలుపు మళ్లీ తెరుచుకునేది కాదు.

ఒహాయోలో కనకవల్లి కూతురికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. మంచు ముంచెత్తి అంబులెన్సు రాలేదు. ఎదురింట్లో నర్సు వసుమతి ఉంది గానీ, ఆవిడది అవతలి పార్టీ. కనకవల్లి పరుగెత్తింది. ఆ కంగారులో ఒళ్లు మరిచి, వసుమతి తలుపు అడిగిన తారకు జై కొట్టేసింది.

ఇద్దరూ తిరిగి వచ్చేసరికి కనకవల్లి సొంత తలుపే, "నువ్వు మా మనిషివి కావు, పో" అంది. లోపల కూతురు అరుస్తోంది.

"జరుగు వదినా," అంది వసుమతి. "మీ డొక్కు హీరోకి నేను కొడతా జై."

"వద్దే తల్లీ! నీ ఇంట్లోకి నువ్వే వెళ్లలేవు!"

"వెళ్లకపోతే మానె. పిల్ల కేక వినబడట్లేదా?"

వసుమతి గట్టిగా జై కొట్టింది. తలుపు ఆవిడొక్కదాన్నే లోపలికి రానిచ్చి మూసుకుంది.

కనకవల్లి మంచులో నిలబడి కిటికీకి చెవి ఆనించింది. ఎంతో సేపటికి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్లో మగపిల్లాడో బయటికొచ్చి చెప్పేవాళ్లు లేరు.

మరిచిపోకండర్రా. మీ పిల్లలకూ చెప్పండి. వసుమతి పేరు వదిలేయకుండా చెప్పండి.