బీరువా తలుపు లోపలి జాబితా

"ముందు ఆ జాబితా పీకెయ్యండి. తర్వాత మా అమ్మాయి టీసీ రాసివ్వండి. ఆ కవరు చింపడం ఆ తర్వాతే!"

ప్రిన్సిపాల్ గదిలోకి వస్తూనే దర్జీ అన్న మాటలివి. కొట్లో పని మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు, మెడలో టేపు తియ్యడం కూడా మర్చిపోయాడు. అగ్గి మీద గుగ్గిలంలా ఉన్నాడు మనిషి.

ఆయన వేలు చూపిస్తున్న కవరు టేబుల్ మీద సీలు వేసి ఉంది. తొమ్మిదో తరగతి బి సెక్షన్లో అర్ధసంవత్సరం లెక్కల పరీక్ష తప్పిన పదకొండు మందికి మళ్లీ పెట్టిన పరీక్ష ఫలితాలవి. మన పిల్లలకి మనమే దిద్దితే చెయ్యి జారుతుందని, ఆ పేపర్లు పక్క స్కూలువాళ్ల చేత దిద్దించింది ప్రిన్సిపాల్. ఆ పదకొండు మందిలో దర్జీ కూతురొకతి.

"కూర్చోండి," అందావిడ. "ఏ జాబితా అండీ?"

"ఏం తెలీనట్టు అడుగుతారేంటి మేడమ్? ఆ బీరువా తలుపు లోపల అంటించారట, ఫెయిలైనవాళ్ల జాబితా! నిన్న సుద్దముక్కల కోసం వచ్చి మా అమ్మాయి కళ్లారా చూసింది. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. అన్నం ముట్టలేదు. ఇవాళ గేటు దాకా వచ్చి, లోపలికి రానంటూ అక్కడే నిలబడింది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వైస్ ప్రిన్సిపాల్ గబగబా వెళ్లి బీరువాకి వీపానించి నిలబడ్డాడు.

"అది మా స్టాఫ్ విషయమండీ. పిల్లలు చూడకూడదనే లోపల అంటించాం."

"చూడకూడని దాన్ని రాయడమెందుకు? రెండు నెలలుగా పొద్దున్నే ఏడుంపావుకే రమ్మన్నారు, పంపించాను. చదువు కోసమే కదా అనుకున్నాను. పేరు గోడకెక్కించడానికని తెలిస్తే పంపేవాణ్నా?" దర్జీ మెడలోని టేపుని రెండు చేతులా పట్టుకున్నాడు. "నాకు తెలిసింది కుట్టుపని. చొక్కా బిగుతైతే తొడుక్కున్నవాడి పేరు గోడకి అంటిస్తానా నేను? కొలత తీసిందెవరు? కత్తెర పట్టిందెవరు?"

మూల కుర్చీలో ఉన్న సీనియర్ లెక్కల మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టాడు. పాపం, అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"మీరు ఆ కవరు తీసుకెళ్లి చింపి, ఫలితాలు బోర్డుకి అంటించి రండి సార్," అంది ప్రిన్సిపాల్, వైస్ ప్రిన్సిపాల్‌తో. "ఆయన్ని ఆ జాబితా చూడనివ్వండి."

"టీసీ రాయకుండానే..." అని దర్జీ అడ్డుపడబోయాడు గానీ, ఈలోపు వైస్ ప్రిన్సిపాల్ బతుకుజీవుడా అని కవరుతో సహా బయటపడ్డాడు.

దర్జీ బీరువా తలుపు బార్లా తెరిచాడు. కాగితం పీకెయ్యడానికని చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

'తొమ్మిది బి. లెక్కలు. పదకొండు మంది తప్పారు.

ప్రిన్సిపాల్: ఫెయిల్. లెక్కల మాస్టారిని నలభై రోజులు ఆఫీసు పనులకు తిప్పాను. ఆయన బదులు ఎవర్నీ పంపలేదు.

వైస్ ప్రిన్సిపాల్: ఫెయిల్. లెక్కల పీరియడ్ ఆటల తర్వాత, చిట్టచివర వేశాను.

సీనియర్ లెక్కల మాస్టారు: ఫెయిల్. వెనక బెంచీల నోటుపుస్తకాలు మూడు నెలలుగా తెరిచి చూడలేదు.

పదకొండు మందీ పాసైన రోజునే ఈ పేర్లు కొట్టెయ్యాలి.'

కింద మూడు సంతకాలు. ఆ కాగితం మీద పిల్లల పేరు ఒక్కటీ లేదు.

దర్జీ రెండోసారి చదివాడు, ఈసారి పెదవులు కదుపుతూ.

"అయితే ఆ పొద్దున్నే క్లాసు..."

"అది వాళ్లకి శిక్ష కాదండీ," అంది ప్రిన్సిపాల్. "మేం తినేసిన రోజులు వాళ్లకి తిరిగి ఇవ్వాలిగా. నేనే చెబుతున్నాను. లెక్కల పీరియడ్ కూడా మొదటికి మార్చాం."

"మీరే చెబుతున్నారని మా అమ్మాయి అననే లేదు మేడమ్."

"మీరు అడిగారా?" అన్నాడు లెక్కల మాస్టారు, మెల్లగా.

దర్జీ అడగలేదు. మార్కులు ఎన్ని అని తప్ప కూతుర్ని ఆయన ఎప్పుడూ ఏమీ అడగలేదు. జేబులోంచి టీసీ అర్జీ తీసి నాలుగు మడతలు పెట్టి చింపేశాడు. ముక్కలు ఎక్కడ వెయ్యాలో తెలియక మళ్లీ జేబులోనే కుక్కుకున్నాడు.

"పిల్ల తప్పితే ఇంట్లో నేను దాన్ని తిట్టాను. ఇక్కడ మీరు మిమ్మల్ని తిట్టుకున్నారు," అంటూ రెండు చేతులూ జోడించాడు. "మీ రుణం తీర్చుకోలేను మేడమ్. పాసైనా తప్పినా అది ఇక్కడే చదువుతుంది. కాకపోతే ఒక్కటి అర్థం కావట్లేదు. దాని పేరు ఇందులో లేనే లేదే! మరి రాత్రంతా ఎందుకేడ్చినట్టు?"

ప్రిన్సిపాల్ కిటికీలోంచి గేటు వైపు చూసింది.

వరండాలో కేకలు వినిపించాయి. బోర్డు దగ్గర పిల్లలు మూగినట్టున్నారు. అంతలో దర్జీ కూతురు రొప్పుకుంటూ గుమ్మంలో కనిపించింది. గేటు దగ్గర్నుంచి ఎప్పుడు కదిలిందో, ఎలా పరిగెత్తిందో, ఒక కాలికి చెప్పు లేదు.

"ఎన్నొచ్చాయమ్మా?" అన్నాడు తండ్రి ఆత్రంగా.

ఆ పిల్ల తండ్రి మాట వినిపించుకోలేదు. టేబుల్ మీది ఎర్ర పెన్ను తీసి, తిన్నగా వెళ్లి ప్రిన్సిపాల్ చేతిలో పెట్టింది.

"పదకొండు మందిమీ పాసే మేడమ్! ఇంక మీ పేరు కొట్టేసుకోండి!"