నిరుటి మిరపచేను

"మీ రెండెకరాలూ గీతాంజలి కౌలుకు చేసింది, నిరుడు యాభై క్వింటాళ్ల మిర్చి పండింది. ఇన్‌కమ్‌ట్యాక్స్ వాళ్లకి ఇదేగా చెప్పాలి?" గుంటూరు ఆడిటర్ గారు కాగితం పానకాలు బాబాయి ముందుకు జరిపారు.

గీతాంజలి తల దించుకుంది. ఆ మిర్చి డబ్బు నిజానికి ఐదు నెలలు బాలి దీవిలో ఉండి, విదేశీ కంపెనీకి లాప్‌టాప్‌లో పనిచేసి తెచ్చుకున్న జీతం. పంటకైతే పన్ను ఉండదని కాగితం మీద బాబాయి చేలో పండించేసింది.

"నిరుడా?" పానకాలు బాబాయి గొంతు తగ్గింది. "నిరుడు పురుగు పడి చేనంతా దున్నేశాం కదమ్మా! ఫోన్లో చెప్పానుగా."

చెప్పాడు. ఆ రోజు ఆమె ఊఁ కొడుతూ కంపెనీ పని టైపు చేసుకుంటూనే ఉంది.

ఆడిటర్ గారి చేతిలో పెన్ను ఆగింది. బాబాయి ఆయన్నీ, గీతాంజలినీ మార్చి మార్చి చూశాడు.

"నాదే మతిమరుపండీ. అది ముందటేడు. నిరుడు బ్రహ్మాండంగా కాసింది. సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

గీతాంజలి కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"కాయలేదండీ. అది నా జీతం. పన్ను ఎంతో చెప్పండి, కడతాను."

తర్వాత బాబాయి మొహంలోకి చూడలేక, ఆయన చేతుల్ని చూస్తూ అడిగింది.

"చేనంతా దున్నేశావా బాబాయ్?"