వ్యానులో పాడిన పాట

మస్తాన్‌బీ మంచం పట్టి నెల దాటింది. గంజి తాగిస్తున్న స్నేహితురాలితో, "రేణుకా, మనం వ్యానులో పాడిన పాట పెట్టు మే" అంది.

వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ అనంతపురం కబడ్డీ జట్టులో ఆడేవాళ్లు. పోటీలకు ఏ ఊరెళ్లినా జట్టంతా ఆ పాటే గొంతులు బొంగురుపోయేదాకా పాడేది.

రేణుక గోడకున్న స్పీకరును అడిగింది. ఇప్పుడు ఏ ఇంట్లోనూ పాట ఉన్నదున్నట్టు రాదు. వినేవాళ్ల ఒంటికీ మనసుకూ తగ్గట్టు అప్పటికప్పుడు మారి వస్తుంది. రోగి ఉన్న గది కాబట్టి జోలపాటలా మెత్తగా వచ్చింది.

"ఇది కాదు మే," అంది మస్తాన్‌బీ.

పాతదే కావాలని రేణుక బతిమాలింది, అరిచింది. స్పీకరు ఇంకో రకంగా పాడింది. దాన్ని ఆపేసి తనే ఎత్తుకుంది. ఇన్నేళ్లుగా స్పీకరు తనకు వినిపించిన బాణీయే నోట్లోకొచ్చింది. కదిరిలో ఉన్న పాత జట్టుమనిషి చౌడమ్మకు ఫోను చేసింది. చౌడమ్మ హుషారుగా పాడింది. అది మరో బాణీ. "మనం పాడింది ఇదే మే!" అని ఒట్టు కూడా పెట్టింది.

మస్తాన్‌బీ రేణుక వైపు తిరిగింది. "నిజంగా పోయినామా మే, ఆ ఊర్లకంతా?"

"పోయినాం మే! గుత్తి కాడ వ్యాను నిలిచిపోతే వానలో నువ్వే తోసినావు."

"నాకు ఆ వాన కనపడ్డంలేదు."

అదెలా కురిసిందో చెప్పాలని రేణుక కళ్లు మూసుకుంది. ఎంతసేపు చూసినా ఆమెకూ కనపడలేదు.