అడుగున మిగిలిన అత్తరు

“ఆ సీసా ముట్టుకోవడానికి నీకెన్ని గుండెలు?” వదిన మరిది చేతిలోంచి అత్తరు సీసా లాగేసుకుంది. పోయిన మొగుడు రోజూ పూసుకున్న అత్తరది. అడుగున కాస్తే మిగిలింది. దాన్ని ఈ పెద్దమనిషి మెడకు పూసుకుని నిలబడ్డాడు.

“మెల్లిగా వదినా. లోపల అమ్మ వింటుంది.”

“విననీ!”

“అన్నయ్య పోయాడని తెలిస్తే అమ్మ బతకదు. చూపు లేని మనిషి. అన్నయ్యకి జబ్బుతో గొంతు పోయిందని అమ్మకి చెప్పాంగా. ఈ వాసనతో నేను తినిపిస్తే, వాడే అనుకుని నాలుగు ముద్దలు తింటోంది.”

వదినకు ఒళ్ళు మండిపోయింది. “ఆయన్ని ఆసుపత్రి నుంచే సాగనంపి ఇంటికి రాగానే, మీ అమ్మ వింటుందని నా నోరు నొక్కారు. ఇన్నాళ్ళూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నాకు మిగిలింది ఈ వాసనొక్కటే. దాన్నీ దోచుకుంటావా, దొంగా?”

“చిన్నోడా!” లోపలి గదిలోంచి ముసలమ్మ కేకేసింది.

ఇద్దరూ గుమ్మంలోకి వెళ్ళారు.

“అత్తరు కొట్టు నడిపినదాన్నిరా నేను. ఒకే అత్తరు ఒక్కో ఒంటి మీద ఒక్కో వాసనేస్తుంది. నీ ఒళ్ళేదో, పెద్దాడి ఒళ్ళేదో నాకు తెలీదా? వాడే ఉంటే నువ్వెందుకు పూసుకుంటావు? మొదటి ముద్దకే అర్థమైంది. నువ్వు తట్టుకోలేవని నోరు మూసుకుని మింగాను.”

మరిది మెడ మీది అత్తరును చేత్తో తుడుచుకున్నాడు.

ముసలమ్మ కోడలున్న వైపు చేయి చాచింది.

“ఆ సీసా నీది. దాచుకో. ఇటు రా తల్లీ, నా పక్కన కూర్చుని గట్టిగా ఏడు. ఎవడాపుతాడో నేనూ చూస్తాను.”