కదలని గొర్రెపిల్ల

తెర మీద జంతువులన్నీ పరుగెత్తుతున్నాయి. స్వర్ణ అనే అమ్మాయి గొర్రెపిల్ల మాత్రం మొదటి గీత దగ్గరే నిలబడి ఉంది.

ఏడో తరగతి మొత్తం "మే... మే..." అని అరిచింది. స్వర్ణ తల దించుకుంది.

ఈ ఆట లెక్కల టీచరు సత్యదుర్గ సొంత తెలివి. కోసిన పిజ్జా బొమ్మ చూపించి భిన్నం అడుగుతుంది. గడియారం ముళ్లు చూపించి కోణం అడుగుతుంది. కింద నాలుగు జవాబులు. పిల్లలు ట్యాబ్‌లో ఒకటి నొక్కాలి. సరైనది నొక్కితే వాళ్ల జంతువు ఓ అడుగు ముందుకు దూకుతుంది. కాకినాడ నుంచి బహ్రెయిన్ వచ్చిన కొత్తలోనే ఈ ఆటతో స్కూలంతా శభాష్ అనిపించుకుంది ఆవిడ. అలాంటి ఆవిడ క్లాసులో నెల రోజులుగా ఒక గొర్రెపిల్ల కదలదు. ఒళ్లు మండదూ మరి!

"ఏమ్మా, ఇంట్లో ఎవరూ చెప్పరా?"

"నాకు లెక్కలు రావు మేడం."

ఇలా కాదని తండ్రికి ఫోన్ చేసింది. ముఖేష్‌ది నిర్మల్ వైపు. అక్కడి అమ్వాజ్ దీవుల్లో అపార్ట్‌మెంట్ల మెయింటెనెన్స్ సూపర్‌వైజరు.

"నాకూ ఇజ్జత్ పోతున్నది మేడం. తల్లి లెక్కల డిగ్రీ సదివింది, ఏం ఫాయిదా? గిసొంటి మొద్దుకు ఈడ ఫీజులు కట్టుడు దండుగ. శుక్రవారానికి టికెట్లు చేసిన. తల్లీబిడ్డలను ఇంటికి తోలేస్తున్న. వీసాలు గూడ క్యాన్సల్."

తన ఆట పుణ్యమా అని ఒక పిల్ల చదువు ఆగిపోవడమా! చచ్చినా జరగనివ్వను అనుకుంది టీచరు.

సాయంత్రం స్టాఫ్ రూమ్‌లో స్వర్ణ నొక్కిన జవాబులన్నీ ముందేసుకుని కూర్చుంది ఆవిడ. ఏమీ తోచలేదు. విసుగెత్తి కళ్లు మూసుకుని, ప్రశ్నలు చూడకుండా తనే టకటకా నొక్కింది. కళ్లు తెరిస్తే ఆవిడ ఏనుగు చాలా దూరం వెళ్లిపోయి ఉంది.

ఓరి నాయనోయ్! గుడ్డిగా నొక్కినా నాలుగింట ఒకటి తగులుతుంది. నెలంతా ఒక్కటీ తగల్లేదంటే, సరైన జవాబేదో తెలిసి దాన్ని తప్పించి నొక్కుతోందన్నమాట.

మర్నాడే ఇంటిల్లిపాదినీ పిలిపించింది. ముఖేష్ నవ్వుమొహంతో వచ్చాడు. అతని భార్య కళ, ఏసీకి చలేస్తోందంటూ చున్నీ మెడ చుట్టూ బిగించుకుని ఓ మూల కూర్చుంది.

"మీరు కళ్లు మూసుకుని నొక్కండి చూద్దాం," అంది టీచరు.

నొక్కాడు. అతని గుర్రం మూడుసార్లు దూకింది. చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

"చూశారా? ఏమీ చూడకుండానే ఇన్ని వచ్చాయి. మీ అమ్మాయికి ఒక్కటీ రాలేదంటే అన్నీ వచ్చనే అర్థం. ఫస్ట్ వస్తే అందరూ తనకేసి చూస్తారని సిగ్గు, అంతే. క్లాసులో దీన్ని మించిన బుర్ర లేదండీ!"

"కాదు మేడం! నాకు నిజంగ రావు, ఒట్టు!" స్వర్ణ ఏడుపు అందుకుంది.

"చాల్లేవే, దొంగ పిల్లా!" అని టీచరు బుగ్గ గిల్లింది.

ముఖేష్ కాసేపు తెర వంక చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. అక్కడికక్కడే ఫోన్ తీశాడు.

"భాయ్, ఆ టికెట్లు క్యాన్సల్ చెయ్యి. మావోళ్లు ఎటూ పోరు. ఖలాస్!"

కళ కళ్ల వెంట బొటబొటా నీళ్లు కారాయి. సంతోషం పట్టలేకపోతోంది పాపం అనుకుని టీచరూ కళ్లు ఒత్తుకుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత తృప్తి ఆవిడకి ఎప్పుడూ దొరకలేదు.

తండ్రీకూతుళ్లు కారు దగ్గరికి వెళ్లారు. వాటర్ బాటిల్ మరచిపోయానంటూ కళ ఒక్కతే వెనక్కి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి చున్నీ తీసింది. మెడ మీద అయిదు వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి.

"గా మనిషి చేతులకెల్లి పాణాలతోని బయటపడనీకె మాకు ఇంకో తొవ్వ లేకుండె మేడం, పొరపాటున గూడ ఒక్క జవాబు రైటు గావద్దని నెలంత బిడ్డను పక్కన కూసుండవెట్టుకొని లెక్కలు నేర్పింది నేనే."