వసారాలో దుప్పి

సన్యాసి మేస్త్రీ మధ్యాహ్నం బర్మాలోని బోటాటౌంగ్ రేవు నుంచి ఇంటికొచ్చేసరికి, ఎవడో పరాయివాడు అతని వసారా దూలానికి దుప్పిని ఎక్కిస్తున్నాడు.

ఒక్కడే.

పాతికేళ్ల లోపు మనిషి. బర్మా లుంగీ. నున్నటి గుండు.

దుప్పి వెనక కాళ్ల నరాల సందున వెదురుకర్ర దూర్చాడు. కర్ర నడుముకి తాడు బిగించి, దూలానికి కట్టిన కప్పీ మీదుగా లాగుతున్నాడు. జానెడు లేపడం, తాడుని స్తంభానికి మెలివెయ్యడం, ఊపిరి తీసుకోవడం, మళ్లీ జానెడు.

"ఏటిది?" అన్నాడు సన్యాసి.

"దుప్పయ్యా."

"అది నాకూ కనబడతంది. నా ఇంట్లో ఏటని?"

"అమ్మగారిని అడిగినానండి."

పెళ్లాం పైడితల్లి వంటింట్లోంచి తొంగిచూసింది. "సోటు అడిగినాడు మావా. గుమ్మంలోకొచ్చి అడిగినోడిని నేదంతామేటి?"

"పేరడిగినావా?"

"తిన్నాక సెప్తానన్నాడు."

సన్యాసికి ఒళ్లు మండింది. రేవులో వారం రోజులుగా ఒకటే గుసగుస. కంట్రాక్టరు కొత్త మేస్త్రీని తెస్తున్నాడట. కుర్రవాడట. బస్తాలు మోసే నలభైమంది కళాసీలు ఎవరి మాట వింటే వాడే మేస్త్రీ. పిల్లాజెల్లా లేని సన్యాసికి ఈ లోకంలో మిగిలింది ఆ మేస్త్రీగిరీ ఒక్కటే.

స్తంభానికున్న ముడి చూశాడు. బరువు పడేకొద్దీ బిగిసే ముడి. కొస లాగితే చటుక్కున విడిపోతుంది. రేవులో బస్తాలెత్తినవాడికి తప్ప అది రాదు.

"ఈ ముడి ఎవడు నేర్పినాడు?"

వాడి చెయ్యి ఆగింది. "అదీ తిన్నాకే సెప్తానయ్యా."

గిట్టల దగ్గర గాటుపెట్టి, చొక్కా విప్పినట్టు తోలు కిందికి ఒలిచాడు. కత్తి కన్నా పిడికిలితోనే ఎక్కువ తోశాడు. పొట్ట దగ్గరికొచ్చాక రెండు వేళ్లు లోపలికి పోనిచ్చి, వాటి మధ్యన కత్తి మొన నడిపించాడు. పేగు తెగలేదు. కొంచెమైనా కంపు రాలేదు.

అన్నాలకొచ్చిన కళాసీలు చుట్టూ చేరారు.

"ఓ సెయ్యి వెయ్యమంతావేటి?" అన్నాడు బుల్లియ్య, లొట్టలేస్తూ.

"వద్దన్నా. ఇది నానొక్కడినే సెయ్యాల."

"తినడం కూడా ఒక్కడివేనేటి?"

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

"అందరికీని. మేస్త్రీ గారు తిన్నాక."

ఓహో, అదీ సంగతి! నలభైమందికి నోరూరించి, వాళ్ల కళ్ల ముందే తనచేత తినిపిస్తాడు. ఆ తర్వాత తానెవరో చెబుతాడు. తిన్న నోటితో కాదనడం ఎలాగ?

"ఆ గుండు సూసినావా మేస్త్రీ? జైల్లో గీసినట్టుంది," అని గొణిగాడు బుల్లియ్య.

"జైల్నుంచో, కంట్రాక్టరు గుమ్మంలోంచో వచ్చినోడే. రెంట్లో ఏదో ఒకటిలే."

పైడితల్లి ఇచ్చిన కుండలో వాడు కార్జం వండాడు. అరిటాకులో అన్నం పెట్టి, మీద కార్జం వడ్డించి, రెండు చేతులా తెచ్చాడు. సన్యాసి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తొలి వాటా మీదయ్యా. తినండి. తిన్నాక ఓ కబురు సెప్పాల."

"కబురు ముందు సెప్పు."

"తినకముందు సెప్పకూడదండి."

"ఎవడన్నాడు?"

"మా అయ్య."

"నిన్ను నా మీదకి తోలింది కూడా ఆ అయ్యేనేటి?"

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అవునయ్యా."

దొంగ దొరికిపోయి ఏడుస్తున్నాడనుకున్నాడు సన్యాసి. ఆకుని కాలితో తన్నాడు. మెతుకులు వసారా అంతా చెదిరాయి.

"మావా! అన్నమది!" అని అరిచింది పైడితల్లి. "మీ అన్న అప్పయ్యనీ ఇలాగే రేవులోంచి గెంటినావు. ఎగువ కలప మిల్లుకి పోయినోడు పాతికేళ్లయినా తిరిగి సూడనేదు."

"నోర్ముయ్యే! ఒరే, నువ్వు సర్కారు అడవిలో దుప్పిని కొట్టినావు. పోలీసుని పిలవమంతావా, ఎల్తావా?"

వాడు మెతుకులన్నీ ఏరి ఆకులో కట్టుకున్నాడు. దుప్పిని దించి, మాంసం గోనెలో వేసుకుని భుజానికెత్తుకున్నాడు. పైడితల్లికి దండం పెట్టాడు. గుమ్మం దాటాడు.

"సన్యాసింకా బతికే ఉన్నాడని సెప్పు మీ కంట్రాక్టరుకి!"

కళాసీలు గొల్లుమన్నారు. ఆ పూట సన్యాసికి ఆ నవ్వుతోనే కడుపు నిండింది.

కొత్త మేస్త్రీ ఎవడూ రాలేదు.

నాలుగో నాడు ఎగువ మిల్లు నుంచి చిన్నబాబు వచ్చాడు. ముసలి కాపలాదారు. వస్తూనే సన్యాసి చెయ్యి పట్టుకున్నాడు.

"మనసు గట్టి సేసుకో మేస్త్రీ. మన సేతుల్లో ఏటుంది?"

"దేనికి?"

"అదేటి, నీకు తెలీదేటి? మీ అన్న పోయి పదిహేను రోజులయింది. కబురు సెప్పడానికొచ్చినోడు నిన్న నాను దిగీసరికి మౌల్మీను స్టీమరెక్కతా రేవులో కనబడినాడు. ఇంక ఈ పక్కకి రానన్నాడు. నీకు సెప్పేసే ఎల్తన్నాడనుకున్నాను."

సన్యాసి తలపాగా విప్పి వసారాలో కూర్చున్నాడు.

"పెళ్లాం బిడ్డల్లేనోడు... ఆ అడవిలో తలకొరివైనా ఎవరు పెట్టినారు?"

చిన్నబాబు అతని మొహంలోకి వింతగా చూశాడు.

"కొడుకుండగా ఇంకెవడు పెడతాడు మేస్త్రీ, పెద్దదినం తొలి వాటా సిన్నాన్నకే పెట్టాలని దుప్పిని నీ గుమ్మానికి మోసుకొచ్చినోడే!"